కార్పెట్‌లోకి దిగిన స్లైమ్‌ను వదిలించడం: సర్ఫ్ కాదు, పులుపు కావాలి

అమ్మా, మీ సమస్యను ముందు క్లుప్తంగా రాస్తాను. ఇదే ఇబ్బందితో వచ్చే మరొకరికి కూడా అర్థం కావాలి కదా. కడపలో మీ ఇంట్లో పిల్లలు హాల్లో ఆడుకుంటూ ఆకుపచ్చ స్లైమ్‌ను, అంటే చేతిలో సాగదీసి ఆడుకునే జిగురు ముద్దను, కార్పెట్ మీద వదిలేశారు. రాత్రి ఎవరూ గమనించలేదు. తెల్లారేసరికి అది పోగుల్లోకి దిగిపోయింది. మీరు వేడినీళ్లు పోసి, సర్ఫ్ చల్లి, బ్రష్‌తో గట్టిగా రుద్దారు. తడిగా ఉన్నప్పుడు పోయినట్టే కనిపించింది. ఆరాక అరచేయంత మేర బిరుసెక్కింది, చుట్టూ ఆకుపచ్చ మరక పాకింది. మీ తమ్ముడు కువైట్ నుంచి మోసుకొచ్చిన కార్పెట్ కాబట్టి పారేయడానికి మనసు రావట్లేదు.

పారేయాల్సిన పని లేదు. నేను కర్నూలులో కార్పెట్లు, సోఫాలు కడిగే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వేసవి సెలవులు మొదలయ్యాయంటే నా దగ్గరికి వచ్చే వాటిలో ఈ స్లైమ్ కేసులే ఎక్కువ. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. ఆ వేడికి స్లైమ్ పలచబడి జారుతుంది, ఒక్క రాత్రిలోనే పోగు మొదలు దాకా చేరుతుంది. మీకు జరిగింది కూడా అదే. ఇక సర్ఫ్‌తో ఎందుకు పోలేదంటే, స్లైమ్‌కు సర్ఫ్ శత్రువు కాదు. ఇది తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

పిల్లలు ఇంట్లో చేసుకునే స్లైమ్‌లో ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ము ఉంటుంది. అందులో వెలిగారం (బోరాక్స్) నీళ్లో, కాంటాక్ట్ లెన్సులు కడిగే లిక్విడో కలుపుతారు. ఆ లిక్విడ్‌లోనూ చాలావరకు బోరాన్ సంబంధమైన మందే ఉంటుంది. ఫ్యాన్సీ షాపుల్లో చిన్న డబ్బాల్లో అమ్మే వాటిలో కొన్నింటికి ఆధారం గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్. దేనితో చేసినా లోపలి పని ఒకటే. గమ్ములో పొడవాటి దారాల్లాంటి అణువులు ఉంటాయి. కంసాలులు నగలు అతికేటప్పుడు వాడే వెలిగారమే ఇక్కడ ఆ దారాలను అక్కడక్కడా ముడివేసి పట్టుకుంటుంది. అందుకే స్లైమ్ అటు నీళ్లలా పారదు, ఇటు గమ్ములా పూర్తిగా అంటుకోదు, సాగుతూ ఉంటుంది.

ఆ ముడులు క్షారంలో గట్టిగా నిలుస్తాయి, ఆమ్లం తగిలితే విడిపోతాయి. బట్టల సోడా కలిసిన వాషింగ్ పౌడర్ క్షారమే. మీరు సర్ఫ్ చల్లినప్పుడు ముడులు ఊడకపోగా అలాగే బిగుసుకుని ఉన్నాయి. వేడినీళ్లు ఆ జిగురును మెత్తబరిచి కిందికి దించాయి, బ్రష్ దాన్ని పక్కలకు పులిమింది. వెనిగర్ తగిలితే అందులోని వెలిగారం బోరిక్ యాసిడ్‌గా మారుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ అదే. దానికి ముడివేసి పట్టుకునే గుణం ఉండదు. జిగురు మళ్లీ పలచని గమ్ము నీళ్లయిపోతుంది, గుడ్డతో అద్దితే వచ్చేస్తుంది.

అయితే వెనిగర్ సీసా మూత తీసే ముందు రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, మీ కార్పెట్ దేనితో నేసిందో తెలియాలి. గల్ఫ్ నుంచి తెచ్చే మెషిన్ కార్పెట్లలో ఎక్కువ శాతం పాలీప్రొపిలీన్, పాలిస్టర్, అక్రిలిక్. వీటికి భయం లేదు. కానీ పట్టులా మెరుస్తూ, చేత్తో నిమిరితే చల్లగా, మెత్తగా తగిలే రకం కొన్నిసార్లు విస్కోస్ అవుతుంది. దాన్ని ఆర్ట్ సిల్క్ అని అమ్ముతారు. విస్కోస్‌కు నీళ్లే పడవు. తడిస్తే పోగు బలం తగ్గిపోతుంది, ఆరాక పసుపు పడుతుంది, మెరుపు పోతుంది. వెనక అంచున లేబుల్ ఉంటే చదవండి. లేకపోతే అడుగు వైపు మూల నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్లతో అంటించి చూడండి. మంటకు దూరంగా ముడుచుకుని, కరిగి, మైనం వాసనతో గట్టి పూసలా మిగిలితే పాలీప్రొపిలీన్. నల్లటి పొగ వచ్చి నల్ల పూస మిగిలితే పాలిస్టరో అక్రిలిక్కో. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే ఉన్ని. కాగితం కాలినట్టు కాలి, తేలికైన బూడిద మిగిలితే నూలు గానీ విస్కోస్ గానీ. మెరుపు ఉండి కాగితంలా కాలితే విస్కోస్ అనే అనుకోండి. అప్పుడు ఇంట్లో ఏమీ చేయకండి.

రెండోది, కార్పెట్ కింద ఉన్న బండలు. మన సీమ ఇళ్లలో చాలామందికి నల్ల కడప బండలో, బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతి. వెనిగర్ కార్పెట్‌లోంచి దిగి బండ మీద నిలిస్తే పాలిష్ తినేస్తుంది, తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. మార్బుల్‌కూ ఇదే గతి. ఇంటర్నెట్‌లో వెనిగర్ చిట్కా చెప్పేవాళ్లలో చాలామంది ఈ సంగతి చెప్పరు, వాళ్ల కార్పెట్ కింద చెక్క ఉంటుంది. కాబట్టి మరక ఉన్న చోట కార్పెట్‌ను పైకెత్తి, కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద పాత టవల్ మడత పెట్టండి. వీలైతే ఆ భాగాన్ని ప్లాస్టిక్ టబ్బు బోర్లించి దాని మీద వేసుకోండి, ఇంకా మేలు.

ఇక పని మొదలుపెడదాం. మీ కార్పెట్‌లో ఇప్పటికే సర్ఫ్ ఉంది కాబట్టి ముందు అది పోవాలి. లేకపోతే మీరు పోసే వెనిగర్ అంతా ఆ క్షారాన్ని విరవడానికే ఖర్చయిపోతుంది. చల్లటి నీళ్లలో తెల్ల గుడ్డ ముంచి పిండి, బిరుసెక్కిన చోట అద్దండి. పొడి గుడ్డతో తడి లాగండి. గుడ్డ తడిపి వేలితో రుద్దితే నురగ, జారుడు తగలనంత వరకు ఇలా చేయండి. గుడ్డ తెల్లదే ఉండాలి. పాత పంచె, బనియన్ లాంటివి మంచివి. లుంగీ ముక్క, రంగు టవల్ వాడితే వాటి రంగు కార్పెట్‌కు పడుతుంది.

తర్వాత ఆరనివ్వండి. ఆరాక పైన ఇంకా గడ్డలుగా కనిపిస్తే పాలిథీన్ కవర్లో ఐసు ముక్కలు వేసి వాటి మీద పెట్టండి. చల్లబడి గట్టిపడ్డ స్లైమ్ స్టీలు స్పూన్ అంచుతోనో, పనికిరాని ఏటీఎం కార్డుతోనో గీకితే పెళుసుగా రాలుతుంది. ఎప్పుడూ అంచు నుంచి మధ్యకే గీకాలి. కత్తి, బ్లేడు వద్దు, పోగులు తెగుతాయి. రాలిన పొడిని వెంటనే ఎత్తేయండి, వదిలేస్తే తడి తగిలి మళ్లీ జిగురవుతుంది. గడ్డలు లేకుండా పోగులే బిరుసుగా ఉంటే ఈ ఐసు పని అక్కర్లేదు.

వెనిగర్ తెల్లదే తీసుకోండి. ఫ్రైడ్ రైస్ బండి వాళ్లు వాడే సింథటిక్ వెనిగర్ చాలు, కిరాణా కొట్లో దొరుకుతుంది. అందులో ఎసిటిక్ యాసిడ్ 4 శాతం దగ్గర ఉంటుంది. ఆపిల్ సైడర్ వెనిగర్‌కు రంగు ఉంటుంది కాబట్టి వద్దు. సింథటిక్ కార్పెట్ అయితే రెండు పాళ్లు వెనిగర్‌కు ఒక పాలు గోరువెచ్చని నీళ్లు, నైలాన్ అయితే మాత్రం చల్లవి. ఉన్ని అయితే సగం సగం, నీళ్లు చల్లవి. ముందు మూలలో, ఎవరికీ కనపడని చోట నాలుగు చుక్కలు వేసి, పావుగంట ఆగి తెల్లగుడ్డతో నొక్కి చూడండి. కార్పెట్ రంగు గుడ్డకు అంటితే అక్కడితో ఆపేయండి. నూలు జంఖానాలకు ఈ పరీక్ష తప్పనిసరి, వాటిలో రంగు ఊడేవే ఎక్కువ.

వెనిగర్‌ను పోయకండి. స్ప్రే సీసాతో గానీ చెంచాతో గానీ మరక మీద వరకే, పోగులు తడిసేంత వేయండి. పది నిమిషాలు కదిలించకండి. ఇక్కడే చాలామందికి ఓపిక చాలదు, వేసిన వెంటనే బ్రష్ అందుకుంటారు. ఆ పది నిమిషాలే అసలు పని చేసేవి. ఆ తర్వాత రెండు వేళ్లతో పోగుల కుచ్చు పట్టి నలిపి చూడండి. బిరుసు పోయి, వేళ్ల మధ్య జారుతూ తెల్లటి గమ్ము నీళ్లు వస్తే ముడులు విడిపోయినట్టు. ఇంకా సాగుతుంటే, వేళ్లకు తీగలు వస్తుంటే మరికొంచెం వేసి మరో పది నిమిషాలు ఆగండి. విడిపోయాక తెల్లగుడ్డతో పైనుంచి నిటారుగా నొక్కి ఎత్తండి. గుడ్డ మడత మారుస్తూ, ప్రతిసారీ పొడి భాగమే తగిలేలా చూసుకోండి. లోతున మిగిలినదానికి మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పోగు వాలిన దిశలోనే, కింది నుంచి పైకి దువ్వినట్టు తీయండి. గుండ్రంగా తిప్పి రుద్దితే పోగులు చిక్కుబడి ఊలు ఉండల్లా తయారవుతాయి, అవి మళ్లీ సరికావు.

మీది రుద్ది రుద్ది లోతుకు దిగిన మరక. ఒక్కసారికే మొత్తం వస్తుందని అనుకోకండి. తడి తక్కువగా పెట్టి, మధ్యలో ఆరనిచ్చి, మళ్లీ చేయడమే మేలు. ఒకేసారి తడిపి ముద్ద చేస్తే అడుగున ఉన్న రబ్బరు పూత వదులవుతుంది. అడుగు జనపనారతో ఉంటే గోధుమ రంగు పైకి ఊరుతుంది.

వెనిగర్ లేకపోతే నిమ్మరసం వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, గింజలూ తొనలూ లేకుండా వడకట్టి, సమానంగా నీళ్లు కలిపి. తర్వాత బాగా కడగాలి, లేకపోతే దాని తీపికి చీమలు పడతాయి. చింతపండు రసం మాత్రం వద్దు. పులుపే కానీ దాని రంగు పట్టుకుంటే వేరే మరక. బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కా కూడా నమ్మకండి. పొంగు చూడటానికి బాగుంటుంది, కానీ అందులో ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, స్లైమ్ మీద పనిచేయడానికి ఏమీ మిగలదు. బాత్రూమ్ యాసిడ్ జోలికి అసలు వెళ్లొద్దు. ఇంకొకటి చాలా ముఖ్యం. బ్లీచింగ్ పౌడర్ గానీ బట్టల బ్లీచ్ గానీ వెనిగర్‌తో కలవకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులు మూసిన హాల్లో అది ప్రమాదం. ఉన్నికైతే బ్లీచ్ విడిగా కూడా పనికిరాదు, పోగునే కరిగించేస్తుంది.

గమ్ము పోయాక కడగాలి. మన ఊళ్లలో బోరు నీళ్లు ఎంత గట్టివో మీకు తెలిసిందే, సబ్బు నురగే రాదు. ఆ నీళ్లతో సబ్బు పెట్టి కడిగితే జిడ్డులాంటి తెల్లటి పొర పోగులకు అంటుకుంటుంది, వారం తిరిగేసరికి దుమ్ము పట్టి అక్కడే నల్లగా కనబడుతుంది. స్లైమ్ పోయింది కానీ మచ్చ మళ్లీ వచ్చిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామందిది ఇదే కథ. గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా మగ్గు నీళ్లలో కలిపి, ఆ నురగను మాత్రమే గుడ్డతో తీసి అద్దండి. ఆఖరి కడుగుడు మాత్రం తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లతో చేయండి. మరక అరచేయంతే కాబట్టి రెండు మగ్గులు సరిపోతాయి. ఉన్నికి కుంకుడుకాయ రసం మంచిదే, కానీ లేత రంగు కార్పెట్ అయితే దాని గోధుమ రంగు దిగుతుంది.

ఇక ఆరబెట్టడం. తెల్లటి పొడి గుడ్డను నాలుగు మడతలు వేసి తడి చోట పరచండి. దాని మీద పాలిథీన్ కవరు వేసి, నీళ్లు నింపిన స్టీలు బిందె పెట్టండి. రాత్రంతా అలా ఉంచితే అడుగున మిగిలిన గమ్ము నీళ్లు పైకి లాక్కుని గుడ్డలోకి వస్తాయి. పొద్దున గుడ్డ తీసి చూస్తే పైకి కనపడని ఆకుపచ్చ కూడా గుడ్డకు అంటి ఉంటుంది. ఇది చేయకుండా ఊరికే ఫ్యాన్ కింద ఆరనిస్తే అడుగు తడి పోగుల కొసలకు ఎగబాకి, శుభ్రమైన చోటే మరక మళ్లీ తేలుతుంది. అలా తేలితే కంగారు పడకండి. అది పాతదే, లోతు నుంచి వచ్చింది. కొద్దిగా వెనిగర్ నీళ్లు, మళ్లీ బిందె. తర్వాత ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనివ్వండి. మిద్దె మీద నేరుగా ఎండలో వేయొద్దు. మన ఎండకు గంటలో ఆరుతుంది నిజమే, కానీ రంగు వెలుస్తుంది. ఎండాకాలం గాలికి లేచే దుమ్మంతా తడి పోగులకు పడుతుంది కూడా. కూలర్ ముందు పెట్టొద్దు, అది తేమ గాలి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, మిగిలిన రంగును వేడి గట్టిగా పట్టిస్తుంది.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ రంగు సంగతి. స్లైమ్‌లో వేసేవి చాలావరకు ఫుడ్ కలర్లే. పాలీప్రొపిలీన్‌కు ఆ రంగు ఎక్కదు, గమ్ముతో పాటే వచ్చేస్తుంది. ఉన్ని, నైలాన్ అలా కాదు. ఈ రెండింటికీ ఫుడ్ కలర్ ఎక్కాలంటే కావలసింది పులుపు, వేడి. ఉన్నికి రంగు అద్దేవాళ్లు కూడా పులుపు కలిపే కాచుతారు. అందుకే ఉన్ని కార్పెట్‌కు చల్లటి నీళ్లే వాడమన్నాను. వెనిగర్‌ను పది నిమిషాలకు మించి ఉంచకుండా, గమ్ము విడిపోగానే చల్లటి నీళ్లతో అద్ది తీసేయాలి. గోరువెచ్చని నీళ్లు కూడా వద్దు.

గమ్ము అంతా పోయి రంగు మాత్రం మిగిలితే మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చుకోండి. గుడ్డకు పట్టించి మరక మీద అద్దండి, నేరుగా పోయకండి. పోస్తే అడుగు రబ్బరును మెత్తబరుస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర వద్దు. జెల్ శానిటైజర్ వాడితే అందులోని చిక్కదనం మళ్లీ జిగటగా మిగులుతుంది. గోళ్ల రంగు తీసే రిమూవర్ కొన్ని రకాల పోగులనే కరిగిస్తుంది, అది ఇంట్లో ఉన్నా తీయకండి. లేత రంగు సింథటిక్ కార్పెట్‌లో స్పిరిట్‌కు కూడా లొంగని నీడ మిగిలితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆఖరి మార్గం. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. మూలలో పరీక్షించి, దూదితో మచ్చ వరకే తాకించండి. ముదురు రంగు వాటికి, ఉన్నికి, నూలుకు ఇది వద్దు, అసలు రంగే వెలిసిపోతుంది.

మెరుపు ముక్కలు కలిపిన స్లైమ్ అయితే గమ్ము పోయాక కూడా ఆ ముక్కలు పోగుల్లో ఇరుక్కుని ఉంటాయి. పూర్తిగా ఆరాక ప్యాకింగ్ టేపు అతికించి లాగండి. బట్టలకు, సోఫా కవర్లకు పట్టినా పద్ధతి ఇదే, బట్టలైతే వెనిగర్ నీళ్లలో నానబెట్టుకునే సౌకర్యం ఉంటుంది. పిల్లల జుట్టుకు పట్టితే వెనిగర్ వద్దు, కళ్లలో పడుతుంది. కొబ్బరినూనె బాగా పట్టించి, సన్న దువ్వెనతో కొసల నుంచి మెల్లగా దువ్వండి. స్లైమ్ ముట్టుకున్న చేతులతో తిననివ్వకండి. వెలిగారం కడుపులోకి వెళ్లేది కాదు, చిన్నపిల్లల చర్మానికీ మంట పుట్టిస్తుంది.

బయట ఇవ్వాలనుకుంటే ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: స్లైమ్‌ను దేనితో తీస్తారు, కార్పెట్ ఏ పోగో చూశారా అని. మిద్దె మీద పరిచి, పౌడర్ చల్లి, ప్రెషర్ పంపుతో కొడతామంటే వద్దనండి. ఆ ఒత్తిడికి లోపలి గమ్ము అడుగు పొరలోకి వెళ్లిపోతుంది, తర్వాత ఎవరి తరమూ కాదు. చేత్తో ముడివేసిన పాత ఏలూరు తివాచీ లాంటిది, పట్టు, విస్కోస్ మాత్రం తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. వాటి మీద వెనిగర్ ప్రయోగం వద్దు.

మీరు ముందు ఆ పోగు కాల్చి చూడండి. ఏ వాసన వచ్చిందో, పూస మిగిలిందో బూడిద మిగిలిందో ఇక్కడే రాయండి. కార్పెట్ అడుగు రబ్బరో, జనపనారో కూడా చెప్పండి. పాలీప్రొపిలీన్ అయితే ఈ రోజే మొదలుపెట్టొచ్చు. ఉన్ని అని తేలితే మాత్రం వెనిగర్ వేసే ముందు ఆ ఆకుపచ్చ మరకను దగ్గర నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, ఎంత మేర వేయాలో చూసి చెబుతాను.